పాత పద్మిని: స్టీరింగ్ లూజు, ముందు టకటక. పవర్ స్టీరింగ్ పెట్టించవచ్చా?

సింహపురి_1100:
అన్నలూ, 1974 ప్రీమియర్ పద్మిని కారు, కాలమ్ గేరు (గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే), నెల్లూరులోనే తిరుగుతుంది. స్టీరింగ్ మూడు వేళ్ల మేర తిప్పినా ముందు చక్రాలు కదలవు. హైవేలో డెబ్బై దాటితే బండి అటూ ఇటూ పోతుంది. పార్కింగ్‌లో మాత్రం తిప్పడానికి బాగా బరువు. మైపాడు రోడ్డు గుంతల్లో ముందు టకటక. వెనక కమాన్లు (పట్టీల స్ప్రింగులు) దిగబడ్డాయి. టైర్లు పాత 5.20-14 క్రాస్‌ప్లై. మారుతి నుంచి తీసిన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కాలమ్, గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, కమాన్లకు అదనంగా ఒక పట్టీ, 185 టైర్లు వేయించాలని ఉంది. ఏది ముందు?

ఒంగోలు_గ్యారేజి:
వీటిలో ఏదీ ముందు కాదు. అరిగిన కీళ్ల మీద మోటారు పెడితే లూజు అలాగే ఉంటుంది, చేతికి మాత్రం తెలియకుండా పోతుంది. అది ఇంకా ప్రమాదం.

చక్రాలు నేల మీదే ఉంచి ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి, ఇంకొకరు కింద పడుకుని ఒక్కో కీలు మీద చెయ్యి పెట్టి చూడాలి. డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు కదిలించే చెయ్యి) కదిలినా అవతల దానికి జోడీగా ఉండే ఐడ్లర్ ఆర్మ్ ఆలస్యంగా కదిలితే ఐడ్లర్ బుష్ పోయినట్టు. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. బ్రేకు తొక్కితే ఊగడం ఆగిందా, లూజు వీల్ బేరింగ్‌ది. తొక్కినా ఊగుతుందా, కింగ్ పిన్‌ది, అంటే ముందు చక్రం పక్కలకు తిరిగే పిన్నుది.

కింగ్ పిన్ కిట్ రెండు పక్కలా కలిపి మార్చండి. బుష్‌లు ప్రెస్‌లో దించేటప్పుడు వాటి రంధ్రం గ్రీజు నిప్పిల్‌కి ఎదురుగా ఉండాలి. లేదంటే ఎంత గ్రీజు కొట్టినా పిన్నుకు చేరదు. దించాక పై బుష్, కింది బుష్ ఒకే వరసలో పొడవాటి రీమర్‌తో (రంధ్రాన్ని కొలతకు చెక్కే పనిముట్టు) తీయించాలి. ఎమరీ కాగితంతో రుద్ది సరిపెట్టే చోట చేయించకండి. పిన్ను ఒక పక్కకు బిగుసుకుని మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాదు. మీరు చెప్పే బరువులో సగం ఇక్కడే ఉండొచ్చు. గ్రీజు ఎప్పుడూ చక్రం ఎత్తి కొట్టండి, వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి.

ఇక స్టీరింగ్ బాక్సు. ఇది వార్మ్ అండ్ రోలర్ రకం, అంటే మరలాంటి వార్మ్ తిరిగితే దానికి పట్టిన రోలర్ కదులుతుంది. డ్రాప్ ఆర్మ్ విప్పి, ముందు షిమ్‌లతో (సన్న రేకు బిళ్లలు) వార్మ్ బేరింగ్ లూజు తీసి, ఆ తర్వాతే పైనున్న స్క్రూ ముట్టుకోవాలి. అది కూడా స్టీరింగ్ నేరుగా ఉన్న స్థితిలోనే, ఎందుకంటే అరుగుదల ఎక్కువ మధ్యలోనే. మధ్యలో లూజు పోయేలా బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుందా? అయితే వార్మ్, రోలర్ మార్చాల్సిందే.

పెన్నా_ఒడ్డు:
సస్పెన్షన్ సంగతి. ఆ టకటక చాలావరకు ముందు చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌ల బుష్‌లదే. కాయిల్ స్ప్రింగ్‌ను కంప్రెసర్ లేకుండా విప్పనివ్వకండి, ఎగిరితే ప్రాణం మీదకొస్తుంది. షిమ్‌లు ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో రాసుకోండి. సైలెంట్ బ్లాక్‌లు (ఆ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు) వేశాక చాలామంది బండి జాకీ మీదుండగానే బోల్టులు పూర్తిగా బిగిస్తారు. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లో చిరుగుతుంది. చివరి బిగింపు చక్రాల మీద నిలబెట్టాకే.

కమాన్లకు పట్టీ అదనం వద్దు. వెనక లేస్తే ముందు క్యాస్టర్ (చక్రాలను నేరుగా ఉంచే కింగ్ పిన్ వాలు) తగ్గి, హైవేలో బండి ఇంకా అటూ ఇటూ పోతుంది. కట్ట విప్పించి, పట్టీలకు పాత వంపు పట్టించి, షాకిల్ (కమాను కొసను బండికి కలిపే లింకు) బుష్‌లు, సెంటర్ బోల్టు కొత్తవి వేయించండి. యూ బోల్టులు అయిదు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. గ్యాస్ షాకులు వేరే కారువి తెచ్చేటట్లయితే మూసినప్పుడు, తెరిచినప్పుడు పొడవు కొలవండి. రబ్బరు స్టాపరు తగిలేలోపే షాకు అడుగంటితే మౌంటు విరుగుతుంది.

టైర్లు 155/80 ఆర్14 రేడియల్, నాలుగూ ఒకేసారి. ఆ సన్న రిమ్ముకు 185 అతకదు, తిప్పడానికి బరువు పెరుగుతుంది. అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర.

చీమకుర్తి_రోడ్డు:
ఇవన్నీ అయ్యాక కూడా పవర్ స్టీరింగ్ కావాలంటే వినండి. కాలమ్ గేరు బండిలో గేరు లింకులు కూడా స్టీరింగ్ కాలమ్ వెంటే వెళతాయి, వాటికీ దారి చూడాలి. షాఫ్టు కోసి రెండు ముక్కలు ఎదురెదురుగా వెల్డింగ్ చేయడం నేనైతే ఒప్పుకోను. పళ్లున్న జాయింటే వాడాలి. బండి ఆగి ఉండగా తిప్పేటప్పుడు మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, దానికి సొంత ఫ్యూజు ఉండాలి. మీ బండిలో డైనమో ఉంటే ముందు ఆల్టర్నేటర్. స్పీడు సిగ్నల్ లేకుండా ఆ కంట్రోల్ యూనిట్ ఎలా పనిచేస్తుందో బల్ల మీదే చూసుకోండి. హైవేలో కూడా పూర్తి సాయం ఇస్తూ ఉంటే స్టీరింగ్ మరీ తేలికై బండి అదుపు తప్పుతుంది.

ర్యాక్ అండ్ పినియన్ జోలికి వెళ్లొద్దు. ర్యాక్ కొసలు ఆర్మ్‌ల ఇరుసులతో సరిపడకపోతే గుంత పడినప్పుడల్లా చక్రం తనంతట తానే తిరుగుతుంది. అంబాసిడర్‌కు ర్యాక్ కంపెనీ నుంచే వచ్చింది, ఆ పోలిక ఇక్కడ పనికిరాదు.

ఇంకోటి. 2021 వింటేజ్ నిబంధనల్లో 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చని బండికే ‘వీఏ’ సిరీస్ నంబరు. ఆ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదనుకోండి. అయినా డ్యాష్ కింద కోసే ముందు ఆలోచించుకోండి.

సింహపురి_1100:
బాక్సు సీలు కారుతోందని ఒక షెడ్డులో గ్రీజు నింపారు. ఉంచొచ్చా?

ఒంగోలు_గ్యారేజి:
ఉంచొద్దు. వార్మ్ తిరిగేకొద్దీ గ్రీజు పక్కకు జరిగిపోతుంది, మళ్లీ పళ్ల మీదకు రాదు. వార్మ్ పొడిగా తిరిగి అరుగుతుంది. బాక్సు దించి కిరోసిన్‌తో కడిగి, సీలు మార్చి, 90 గేర్ ఆయిల్ లెవల్ దాకా పోయండి. మీ లూజులో దీని వాటా ఎంతో విప్పినప్పుడే తెలుస్తుంది. వార్మ్ మధ్యలో గుంటలు కనిపిస్తే ఫోటో పెట్టండి.