మట్టి తోలడానికి పది టైర్ల టిప్పరా, పన్నెండు టైర్లదా?

అన్నలూ, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. చంద్రగిరి దగ్గర మట్టి తవ్వి, తిరుపతి బైపాస్ పక్కన పల్లపు స్థలం నింపే పని ఒప్పుకున్నాను. నేల కొలతలో 6,000 ఘనమీటర్లు. తవ్వాక పాతిక శాతం పొంగుతుందని లెక్కేస్తే 7,500 తోలాలి.

హిటాచీ (మట్టి తవ్వి బండికి ఎత్తే యంత్రం) బకెట్ 0.9 ఘనమీటర్లు. ఒక పది టైర్ల బండికి పన్నెండు బకెట్లు, అంటే దాదాపు 11 ఘనమీటర్లు, నింపడానికి ఐదు నిమిషాలు. పోనూ రానూ, దింపడంతో కలిపి 55 నిమిషాలు. అంటే హిటాచీ ఖాళీగా నిలబడకుండా ఉండాలంటే 12 బండ్లు కావాలి. నా దగ్గర పది టైర్లవి ఐదే ఉన్నాయి, మిగతావి బాడుగకు తేవాలి. ఈ లెక్క సరేనా?

పన్నెండు టైర్లవైతే తక్కువ బండ్లతో సరిపోతుంది గానీ, ఊళ్లో సందు మలుపు దగ్గర తిరుగుతుందా అని టెన్షన్. పైగా నిన్న వాన పడింది. తడి బంకమట్టి బాడీ మూలల్లో అతుక్కుని, తొట్టి పూర్తిగా లేపినా జారలేదు, పారలతో గీకాల్సి వచ్చింది. తడిమట్టికి బాడీ నిండా పోస్తే ఓవర్‌లోడ్ కూడా అవుతుంది కదా. ఇలాంటప్పుడు మీరు ఎన్ని బకెట్లు తగ్గిస్తారు? మట్టి అతుక్కోకుండా ఏం చేస్తారు?