సిమెంట్ కంపెనీలు చేతులు మారాక మీ దగ్గర ఏం మారింది?

కడప_డీలర్
మన చుట్టుపక్కల ఫ్యాక్టరీలు చూస్తుండగానే రెండు గ్రూపుల కిందికి వెళ్లిపోయాయి. 2024లో పెన్నా సిమెంట్‌ను 10,422 కోట్ల విలువ కట్టి అదానీ వాళ్ల అంబుజా తీసుకుంది. అదే ఏడాది ఇండియా సిమెంట్స్ ఆదిత్య బిర్లా వాళ్ల అల్ట్రాటెక్ చేతికి వచ్చింది. మా జిల్లాలో ఇండియా సిమెంట్స్ చిలంకూరు, ఎర్రగుంట్ల ప్లాంట్లు అలా వెళ్లినవే. తెలంగాణలో బసంత్‌నగర్‌లోని కేశోరాం ప్లాంటు అల్ట్రాటెక్‌కు, దేవాపూర్‌లోని ఓరియంట్ ప్లాంటు అంబుజాకు పోయాయి.

నా షాపులో రెండు బ్రాండ్లు ఉన్నాయి. ఇంతకుముందు ఒకరు స్కీమ్ (డీలర్లకిచ్చే రాయితీ) తగ్గిస్తే రెండోవాళ్ల ఆఫీసర్ మర్నాడే వచ్చి కూర్చునేవాడు. ఇప్పుడు రెండింటికీ యజమాని ఒక్కరే. ఎవరితో బేరమాడాలి? మీ సంగతులు చెప్పండి.

విష్ణుపురం_పాతకాపు
మాకిది కొత్త కాదు తమ్ముడూ. బి.వి.రాజు గారి రాశి సిమెంట్ 1998లో ఇండియా సిమెంట్స్‌కు పోయినప్పుడే కాలనీలో అందరికీ టెన్షన్. పర్మినెంట్ వాళ్లకు పెద్దగా ఏమీ కాదు. దెబ్బ పడేది కాంట్రాక్ట్ కూలీల మీద. యజమాని మారగానే లేబర్ కాంట్రాక్టర్ మారతాడు, పాత సర్వీసు లెక్కలోకి రాదు. పీఎఫ్ నంబరు, పాత జీతం స్లిప్పులు భద్రంగా పెట్టుకోమని పిల్లలకు చెబుతుంటాను.

లారీ_మిర్యాలగూడ
నాది కిస్తీలు కట్టే బండి. నేను తిప్పే ప్లాంటు (పేరు వద్దు) చేతులు మారాక కిరాయి బిల్లు టైముకు పడుతోంది, అది నిజం. పాత యాజమాన్యం దగ్గర బొగ్గుకు డబ్బుల్లేక కిల్న్ (సున్నపురాయి కాల్చే బట్టీ) ఆగిపోయేది, మేం గేటు ముందు పడిగాపులు పడేవాళ్లం. కానీ కిరాయి రేటు ఇప్పుడు ఎక్కడో హెడ్డాఫీసులో తేలుతోంది. యూనియన్ వెళ్లి మాట్లాడదామంటే ఇక్కడ సంతకం పెట్టే మనిషే లేడు.

సున్నపురాయి
అసలు కొనేది ఫ్యాక్టరీని కాదు, గనిని. 2015లో చట్టం మార్చాక కొత్త సున్నపురాయి లీజు వేలంలోనే దొరుకుతుంది. వేలం, అనుమతులు, భూసేకరణ, ఆపైన ప్లాంటు కట్టడం... ఏళ్లు పడుతుంది. లీజున్న కంపెనీని కొంటే ఆ ఏళ్లన్నీ కలిసొస్తాయి. పైగా సిమెంట్ బరువెక్కువ, విలువ తక్కువ, దూరం పోతే లాభం కిరాయికే సరి. అందుకే దేశం మొత్తంలో ఎవరి వాటా ఎంతని చూస్తే సరిపోదు. మన జిల్లాకు బస్తా పంపగలిగే ప్లాంట్లు ఎవరెవరివో చూడాలి.

బిల్డర్_ఖమ్మం
ధర సంగతి నేను చెబుతాను. అమ్మకాలు జరిగిన వెంటనే రేటు పెరుగుతుందని భయపడ్డాను, పెరగలేదు. దక్షిణాదిలో వాడకం కంటే ఫ్యాక్టరీల సామర్థ్యం చాలా ఎక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా 28 నుంచి 18 శాతానికి దిగింది. అయినా నాకు నమ్మకం లేదు. చాలా కంపెనీలు ఉన్న రోజుల్లోనే, 2012లో, కుమ్మక్కయ్యారని కాంపిటీషన్ కమిషన్ 11 కంపెనీల మీద 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. అంతమంది ఉన్నప్పుడే ఆ మాట వచ్చిందంటే, ఇద్దరే మిగిలితే రేటు గురించి కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని కూడా ఉండదు.

కడప_డీలర్
బిల్డర్ గారూ, ఇద్దరే అనకండి. మహా, రామ్‌కో, దాల్మియా, సాగర్ ఇంకా విడిగానే ఉన్నాయి. సాగర్ అయితే 2023లో ఆంధ్రా సిమెంట్స్‌ను దివాలా ప్రక్రియలో తనే కొనుక్కుంది.

బిల్డర్_ఖమ్మం
నిజమే. నేను కొటేషన్ అడిగేటప్పుడు ఈ రెండు గ్రూపులకూ చెందని బ్రాండ్ ఒకటి తప్పకుండా పెడుతున్నాను. నాన్‌ట్రేడ్ రేటులో (మాలాంటి బిల్డర్లకు నేరుగా ఇచ్చే టోకు రేటులో) తేడా కనబడుతోంది. మీ షాపులోనూ అలాంటిదొకటి పెట్టండి.

కడప_డీలర్
పెడదామనే ఉంది. కొత్త బ్రాండ్ అంటే మళ్లీ డిపాజిట్ కట్టాలి, గోడౌన్‌లో చోటు చూడాలి. బయట బ్రాండ్ పెడితే ఇప్పుడున్న వాళ్లు టార్గెట్ డిస్కౌంట్ కోస్తారేమో! అలా చేసి చూసిన డీలర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.