అటక మీద ప్లైవుడ్ అతుకుల దగ్గర దిగుతోంది, పైన ఇంకో పొర వేస్తే ఆగుతుందా?

సామాన్లు పెట్టుకోవడానికి అటక మీద 12 ఎంఎం ప్లైవుడ్ పరిచాను. దూలాల మధ్య దూరం 24 అంగుళాలు. పైకెక్కే దారి ఇరుకు కావడంతో 8 అడుగుల షీట్లను నిలువునా రెండుగా కోసి, దూలాలకు అడ్డంగా వేశాను.

ఇప్పుడు రెండు దూలాల నడుమ అతుకు మీద కాలు పెడితే ఒక ముక్క అంచు దిగుతుంది, పక్కది కదలదు. వేలు పెట్టి చూస్తే 5 ఎంఎం మెట్టులా తగులుతోంది. దూలాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి, ఊగడం లేదు.

మేకులు పీకేసి ప్రతి 6 అంగుళాలకూ స్క్రూ బిగించాను. కిర్రుమనడం ఆగింది, దిగడం ఆగలేదు. ఒక అతుకు కింద దూలాల మధ్య చెక్క ముక్క బిగిస్తే అక్కడ పూర్తిగా సరిపోయింది. కానీ అన్ని చోట్లా అలా చేయాలంటే మొత్తం ఊడదీయాలి.

అతుకులు కలవకుండా జరిపి పైన ఇంకో 12 ఎంఎం పొర స్క్రూలతో బిగిస్తే చాలా, లేక ఇది తీసేసి 18 ఎంఎం వేయాల్సిందేనా?