గలతీ 5:1లో వద్దన్న "కాడి", మత్తయి 11:29లో ఎత్తుకోమన్న "కాడి"

గ్రూపు పెద్దలకు నమస్కారం. పాత అనువాదంలో గలతీయులకు రాసిన పత్రిక 5:1 "మరల దాస్యమను కాడిక్రింద చిక్కుకొనకుడి" అంటుంది. మత్తయి 11:29లో ప్రభువే తన కాడి ఎత్తుకోమంటున్నాడు. మూలంలో రెండూ ఒకే మాటేనా? "నా కాడి సుళువు" అన్నచోట సుళువు అంటే ఏమిటి?

—

ఒకే మాటండీ, గ్రీకులో రెండుచోట్లా "జుగోస్". ఎవరి కాడి అన్నదే చూడాలి. గలతీలో పౌలు వాదిస్తున్నది, అన్యుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి, వచ్చిన విశ్వాసులకు సున్నతి తప్పదన్నవాళ్లతో. అక్కడి కాడి ధర్మశాస్త్రపు కాడి. అపొస్తలుల కార్యములు 15:10లో యెరూషలేములో పేతురు లేచి, మన పితరులూ మనమూ మోయలేకపోయిన కాడిని వీళ్ల మెడమీద ఎందుకు పెడతారని అడిగింది కూడా ఈ గొడవలోనే. మత్తయిలో ప్రభువు పిలుస్తున్నది అలా మోసి మోసి అలిసిపోయినవాళ్లను.

ఇక సుళువు. అక్కడి గ్రీకు మాట "ఖ్రేస్తోస్". 1 పేతురు 2:3లో "ప్రభువు దయాళుడని" అన్నచోట ఉన్నదీ ఇదే మాట. ఒకచోట మనవాళ్లు సుళువు అన్నారు, ఇంకోచోట దయాళుడు అన్నారు. రెండూ ఒప్పే. కాకపోతే తెలుగులో చదివేవారికి ఆ చుట్టరికం కనబడదు. సుళువు అనగానే పని తక్కువ అనుకుంటాం. కాడెద్దులు కట్టినవాళ్లకు తెలుసు, మెడకు అమరని కాడి పుండు చేస్తుంది, అమరిన కాడితో అదే ఎద్దు పొద్దుగూకేదాకా దున్నుతుంది. యజమానుడి మంచితనం కాడిలోనే తెలుస్తుంది. అందుకే ఆయన తన కాడి సుళువని చెప్పేముందు తన స్వభావం చెప్పాడు: సాత్వికుడను, దీనమనస్సు గలవాడను అని.

—

చాలా బాగుందండీ. కానీ ఒక సందేహం. ఏ కాడీ లేకుండా ఉండడమే కదా స్వాతంత్ర్యం?

—

బైబిలు అలా అనదమ్మా. యిర్మీయా 28 చూడండి. బబులోను రాజుకు లోబడమని చెప్పడానికి యిర్మీయా ప్రవక్త మెడమీద కాడి పెట్టుకుని తిరుగుతుంటే, హనన్యా అనే అబద్ధ ప్రవక్త దాన్ని లాగి విరగ్గొట్టాడు. రెండేళ్లలో విడుదల వస్తుందని జనానికి మాట ఇచ్చాడు. దేవుడి జవాబు: నువ్వు విరిచింది కొయ్యకాడి, దాని బదులు ఇనుపకాడి వస్తుంది. తర్వాత యెరూషలేము కూలిపోయింది. ఈ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు హనన్యా మీద కోపం రాదు, అతని మాట నమ్మినవాళ్ల మీద జాలి కలుగుతుంది.

నిర్గమకాండము సంగతీ అంతే. మొదటి అధ్యాయంలో ఐగుప్తీయులు కఠినంగా చేయించుకున్నది "సేవ". ఎనిమిదో అధ్యాయంలో ఫరో ముందు పెట్టమని దేవుడు మోషేకు చెప్పిన కారణం: నా జనులు నన్ను సేవించాలి, వాళ్లను పోనివ్వు. హెబ్రీలో రెండింటికీ "అవద్" అనే ధాతువే. ఇటుకలు చేయించడానికీ ఆరాధనకూ ఒకే మాట! మన తెలుగు అనువాదకులు రెండుచోట్లా సేవ అనే ఉంచారు, అందుకు వాళ్లకు దణ్ణం పెట్టాలి. కొత్త అనువాదాల్లో రెండోచోట "ఆరాధించు" అని కనబడితే, పక్కన పాతది కూడా తెరిచి చూడండి.