6206 బేరింగ్ షాఫ్ట్ డ్రాయింగ్‌లో టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఎట్లా ఇవ్వాలి?

తాడిపత్రి_డ్రాయింగ్:
బండల పాలిషింగ్ మెషిన్ షాఫ్ట్‌కి డ్రాయింగ్ గీస్తున్నా. రెండు చివర్లా 6206 బేరింగులు. సీటు (బేరింగ్ కూర్చునే చోటు) వ్యాసం 30 ±0.02 మి.మీ. అని ఇచ్చి, మిగతావాటికి కింద ఐఎస్ఓ 2768-ఎం (విడిగా టాలరెన్స్ రాయని కొలతలకు వర్తించే మధ్యస్థ గ్రేడు) అని నోట్ పెట్టినా. అనంతపురంలో చేయించిన షాఫ్టుల్లో ఒకదానికి బేరింగ్ చేత్తోనే జారిపోతోంది, ఇంకోదానికి ప్రెస్ పెట్టినా కష్టమే. కొన్నిటికి సర్‌క్లిప్ (బేరింగ్ జరగకుండా ఆపే స్ప్రింగ్ రింగు) గాడిలో పడట్లేదు. కొలిస్తే అన్నీ డ్రాయింగ్ హద్దుల్లోనే ఉన్నాయి. ఎక్కడ సరిచేయాలన్నా?

లేత్_అనంతపురం:
టర్నర్ తప్పేం లేదు, డ్రాయింగే అంత ఖాళీ ఇచ్చింది. మామూలు క్లాస్ 6206 బోర్ 29.990 నుంచి 30.000 దాకా ఉంటుంది. నీ షాఫ్ట్ 29.98 వస్తే 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) దాకా వదులు. లోపలి రింగు షాఫ్ట్ మీద మెల్లగా తిరుగుతూ సీటును తినేస్తుంది. 30.02 వస్తే 30 మైక్రాన్ల దాకా బిగువు. కొత్త 6206లో బాల్స్ దగ్గరుండే ఖాళీయే 5 నుంచి 20 మైక్రాన్లు. అంత బిగువుకు ఆ ఖాళీ పోయి బేరింగ్ వేడెక్కుతుంది.

బెల్టుతో షాఫ్ట్ తిరుగుతుంది కాబట్టి సీటుకు కె6 అనే టాలరెన్స్ గ్రేడు ఇవ్వు, అంటే 30.002–30.015. హౌసింగ్ (బయటి రింగు కూర్చునే రంధ్రం) 62కి హెచ్7 ఇవ్వు, 62.000–62.030. అక్షరంతో పాటు అంకెలు కూడా రాయి. షాపులో ఎవరూ టేబుల్ వెతకరు.

సర్‌క్లిప్ సంగతి వేరే. షోల్డర్‌నీ (బేరింగ్ ఆనే మెట్టు) గాడినీ షాఫ్ట్ చివర నుంచే కొలిచి ఉంటావు, 25, 7.5 లాగా. ఎం గ్రేడులో రెండింటికీ ±0.2. వాటి మధ్య దూరం 17.1 నుంచి 17.9 దాకా ఏదైనా రావచ్చు. బేరింగ్ వెడల్పు 16, సర్‌క్లిప్ మందం 1.5, కనీసం 17.5 కావాలి. 17.1 వస్తే క్లిప్ ఎక్కడ పడుతుంది? షోల్డర్ నుంచి గాడి బయటి గోడకు నేరుగా 17.5, +0.1, −0 అని ఇవ్వు. గాడి వెడల్పు 1.6, అడుగు వ్యాసం 28.6. షోల్డర్ నుంచి చివరకు 25 ఎం గ్రేడులోనే ఉండనీ, అక్కడ ఏదీ కూర్చోదు.

క్యూసీ_కడప:
షోల్డర్ మూల రేడియస్ కూడా రాయండి, 1 మి.మీ. మించకూడదు. అంతకంటే పెద్దదైతే బేరింగ్ షోల్డర్‌కు ఆనకుండా మూలలోనే ఆగిపోతుంది, మళ్లీ సర్‌క్లిప్ పడదు. సీటు ఫినిష్ (పైతలం నునుపు) ఆర్ఏ 0.8 ఇవ్వండి.

కె6 వెడల్పు 13 మైక్రాన్లే. 0.02 వెర్నియర్‌తో అది తేలదు, 0.001 చూపే మైక్రోమీటర్ కావాలి. జాబ్ చల్లారాకే కొలవాలి. మైక్రోమీటర్ కంటే జాబ్ 20 డిగ్రీలు వేడిగా ఉంటే 30 మి.మీ. దగ్గర దాదాపు 7 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. మే నెల ఎండకు రెండూ కలిసి వేడెక్కితే భయం లేదు, కోత వేడితోనే చిక్కు.

తాడిపత్రి_డ్రాయింగ్:
గ్రైండింగ్ లేకుండా లేత్ మీదే కె6 వస్తుందా? పోనీ అన్ని కొలతలకూ ±0.02 పెట్టేస్తే?

లేత్_అనంతపురం:
వద్దు. రేటు పెరుగుతుంది, ఏది ముఖ్యమో టర్నర్‌కు తెలియకుండా పోతుంది. సీట్లు 30.3కి టర్నింగ్ చేయించి, రెండింటినీ సెంటర్ల మధ్య ఒకే సెట్టింగులో గ్రైండ్ చేయించు. లేత్ మీద ఎమెరీ కాగితంతో దింపితే కొలత వచ్చినా సీటు టేపర్ (ఒక చివర సన్నం) తిరుగుతుంది. గ్రైండింగ్ కుదరకపోతే సీటు పొడవునా మూడుచోట్ల, ప్రతిచోటా 90 డిగ్రీలు తిప్పి రెండేసి కొలతలు తీసుకో. ఆరూ 30.002–30.015 లోపల ఉంటేనే బేరింగ్ ఎక్కించు.