కెమిస్ట్రీ మేజర్: టైట్రేషన్ విలువ కుదరడం లేదు, ఆర్గానిక్ తలకెక్కడం లేదు

ప్రొద్దుటూరు కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, కడపలో బీఎస్సీ కెమిస్ట్రీ మేజర్ చదువుతున్నా, ఇంటర్ దాకా తెలుగు మీడియం. పర్మాంగనేట్ టైట్రేషన్‌లో, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ఆక్సాలిక్ ఆమ్లంలోకి గులాబీ రంగు నిలిచేదాకా బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్ వదిలి ఎంత పట్టిందో కొలిచేదాంట్లో, పక్కనోళ్లకు 10 మి.లీ. దగ్గర వస్తుంటే నాకు 6.8, 8.1, 7.4. ఒకదానికొకటి పొంతన లేదు. సిగ్గు విడిచి చెప్తున్నా, రికార్డులో పక్కనోడి విలువే రాసుకున్నా. ఇక ఆర్గానిక్ అయితే రాత్రి బట్టీ పట్టింది పొద్దునకు ఉండదు. ఇంట్లో నాయన రోజూ ఇంజనీరింగ్ చదివుంటే పోయేది కదా అంటాడు. మేజర్ మార్చుకోమంటారా?

నంద్యాల సిమెంటు ల్యాబ్ అన్న:
మార్చే మాట తర్వాత. ఆక్సాలిక్ ఆమ్లం వేడి చేసినాక ఎంతసేపటికి టైట్రేట్ చేశావు?

ప్రొద్దుటూరు కుర్రాడు:
పాతికమందికి రెండే బర్నర్లు పనిచేస్తాయన్నా. వేడి చేసుకొచ్చి బ్యూరెట్ నింపుకునేసరికి చల్లారిపోతుంది. గులాబీ రంగు నిలబడినట్టు కనిపించగానే ఆపేస్తున్నా.

నంద్యాల సిమెంటు ల్యాబ్ అన్న:
అదీ సంగతి. చల్లగా ఉంటే ఆ చర్య నత్తనడక నడుస్తుంది, రంగు పోవడానికి టైం పడుతుంది, నువ్వేమో ఎండ్ పాయింట్, అంటే చర్య పూర్తయ్యే చోటు, వచ్చేసిందనుకుంటావు. నమ్మకం లేకపోతే ఆపేసిన ఆ ఫ్లాస్కునే మళ్లీ వేడి చేసి చూడు, గులాబీ మాయమవుతుంది. 60 డిగ్రీల దగ్గర ఉండాలి, అలాగని మరిగించొద్దు, ఆక్సాలిక్ ఆమ్లమే కొంత విరిగిపోతుంది. బర్నర్లు లేకపోతే ఒక గిన్నెలో వేడినీళ్లు పెట్టి మీ బెంచీ వాళ్ల ఫ్లాస్కులన్నీ అందులో ఉంచండి. మొదటి చుక్కలు వేడిలో కూడా మెల్లగానే రంగు పోతాయి, కంగారు పడకు, మాంగనీస్ అయాన్లు కాస్త తయారైతే అవే ఉత్ప్రేరకంగా పనిచేసి ఆ తర్వాత చుక్క పడీ పడకముందే రంగు పోతుంది. చివర్లో లేత గులాబీ అర నిమిషం నిలవాలి. గోధుమ రంగు మడ్డి కనిపిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువైందని అర్థం. దానికి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం (హెచ్‌సీఎల్) మాత్రం పోయొద్దు సామీ, పర్మాంగనేట్ దాన్నీ ఆక్సీకరణం చేసి క్లోరిన్ చేస్తుంది. ఇంకోటి, ద్రావణం ముదురు రంగు కాబట్టి రీడింగ్ పై అంచు దగ్గర తీసుకో, మొదట్లోనూ చివర్లోనూ అక్కడే.

అనంతపురం అక్క (పీజీ):
ఆర్గానిక్ సంగతి నేను చెప్తా. ప్రొపీన్‌కి హెచ్‌బీఆర్ (హైడ్రోజన్ బ్రోమైడ్) కలిపే చర్యలో మొదటి బాణం ఎక్కడ మొదలుపెడతావు?

ప్రొద్దుటూరు కుర్రాడు:
హెచ్ ప్లస్ నుంచి అక్కా. వెళ్లి డబుల్ బాండ్‌కి తగులుకుంటుంది కదా.

అనంతపురం అక్క (పీజీ):
అక్కడే దొరికావు. బాణం అంటే ఎలక్ట్రాన్ల జంట పోయే దారి. హెచ్ ప్లస్ దగ్గర ఎలక్ట్రాన్లే లేవు, ఇంక ఏం పంపిస్తుంది? డబుల్ బాండ్ నుంచే హైడ్రోజన్ వైపు గీయి. హైడ్రోజన్ చివరి కార్బన్‌కి పోతే ప్లస్ మధ్య కార్బన్ మీద పడుతుంది, అక్కడ దానికి రెండు మిథైల్ గుంపుల ఆసరా ఉంటుంది. బ్రోమిన్ వచ్చి అక్కడే చేరుతుంది. మార్కోనికాఫ్ నియమం అని నువ్వు బట్టీ పట్టేది ఇదే. పెరాక్సైడ్ వేస్తే తిరగబడుతుందని ఇంకో నియమం బట్టీ పడతారు, కానీ అక్కడ ముందు చేరేది బ్రోమిన్ రాడికల్ (జత లేని ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్నది), అదీ చివరి కార్బన్‌కే పోతుంది, రాడికల్ మధ్యలో మిగలాలని. కారణం ఒకటే, ముందు వచ్చేవాడు మారాడంతే. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రోజుకు నాలుగు చర్యలు గీయి, బాణం ఎక్కడ మొదలవుతోందో వేలు పెట్టి చూసుకో. తెలుగు మీడియం భయం నాకూ ఉండేది, క్షయకరణం అంటే రిడక్షనే అని వెలగడానికి రెండు నెలలు పట్టింది. ఒక చిన్న నోటుబుక్కులో రెండు మాటలూ పక్కపక్కన రాసుకో.

ప్రొద్దుటూరు కుర్రాడు:
మరి ఉద్యోగం?

నంద్యాల సిమెంటు ల్యాబ్ అన్న:
నేను బీఎస్సీతోనే చేరా. సున్నపురాయిలో కాల్షియం ఎంతుందో ఈడీటీఏ అనే రసాయనంతో టైట్రేట్ చేయడం నా రోజువారీ పని, ఎక్స్-రే మిషన్ ఉన్నా అప్పుడప్పుడు చేత్తో సరిచూస్తాం. పక్కనోడి విలువ రాసుకునే అలవాటు మాత్రం కాలేజీలోనే వదిలేసి రా, ఇక్కడ కొలిమిలో పడేది నిజం రాయి.

అనంతపురం అక్క (పీజీ):
పీజీ చేయాలనుంటే మన రాష్ట్ర యూనివర్సిటీలకు పీజీసెట్, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. జామ్‌లో 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలు గట్టిగా అడుగుతారు, ఇంటర్ బైపీసీ అయితే లాగరిథమ్స్, డిఫరెన్షియేషన్ ఇప్పటినుంచే చూసుకో.

ప్రొద్దుటూరు కుర్రాడు (వారం తర్వాత):
వేడినీళ్ల గిన్నె పెట్టాం అన్నా. 9.9, 10.0, 10.0. రికార్డులో పాతది కొట్టేసి కొత్తది రాసి సార్‌కి చూపించా, కొట్టేసినందుకు తిట్టి సంతకం పెట్టారు. నాయనకు ఫోన్ చేసి మూడు విలువలూ కలిశాయని చెప్తే, "సరే గానీ, ఆ సిమెంటు ఆయనకు జీతం ఎంతంట?" అన్నాడు.