జీపు ముందు చక్రాల బేరింగులను ఎంత బిగించాలి?

విజయనగరంలో మా పెరట్లోనే, పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ముందు హబ్బులు (చక్రాల మధ్యలో బేరింగులు కూర్చునే భాగాలు) విప్పి, బేరింగులను కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పట్టించి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బేరింగును పట్టి ఉంచే రెండు నట్లలో లోపలి నట్టును బిగించి, తర్వాత కాస్త వదులు చేశాను. చిక్కల్లా ఆ తర్వాతే మొదలైంది: లాక్ వాషరు వేసి బయటి నట్టు బిగించగానే లోపలి నట్టు ఇంకొంచెం లోపలికి నొక్కుకుని, అంతవరకు తేలిగ్గా తిరిగిన చక్రం బరువెక్కుతోంది, పిసరంత వదిలితే, జాకీ మీద చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు టక్కుమంటోంది. శృంగవరపుకోట దాకా వెళ్లి వచ్చేసరికి కుడి హబ్బు గోరువెచ్చగానే ఉన్నా, ఎడమది చెయ్యి పెట్టలేనంతగా కాలింది. బ్రేకు పట్టేయడం లేదని ముందే చూసుకున్నాను. బయటి నట్టు నొక్కుడును లెక్కలో పెట్టుకుని లోపలి నట్టును ఎంత వదులుగా ఉంచాలో, ఆ టక్కు కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పితే చక్రం పక్కకు మళ్లే ఇరుసు) బేరింగులది కాదని ఎలా తేల్చుకోవాలో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.